మీ ప్రశ్న, నా జవాబు: రఫ్ఫు పనివాడు, వైరస్, మన డీఎన్ఏ

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు కలిపి చూస్తే సగానికి పైగా ఒకటే గొడవ: వైరస్‌లు, డీఎన్ఏ, రిపేర్. ఏదో వాట్సాప్ ఫార్వర్డ్ బెంగళూరు అపార్ట్‌మెంట్ గ్రూపులన్నీ చుట్టి వచ్చినట్టుంది, నాకే ముగ్గురు పంపారు. అందుకని షుగర్, థైరాయిడ్ ప్రశ్నలు ఈసారికి పక్కన పెట్టాను, అడిగినవాళ్లు ఏమీ అనుకోవద్దు, వచ్చే నెల రాస్తాను.

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. డీఎన్ఏ రిపేర్ పాఠం చివర్లో మా లెక్చరర్ "చాలా వైరస్‌లు మన కణంలో ఈ రిపేర్‌ని అడ్డుకుంటాయి" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయారు. వైరస్‌కి కావాల్సింది తన కాపీలు చేసుకోవడం కదా, మన డీఎన్ఏ రిపేర్‌తో దానికేం పని?
– ఒక విద్యార్థిని, యలహంక

జవాబు: అసలు కథంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది తల్లీ. బెల్లు కొట్టేసరికి వదిలేసి ఉంటారు.

ముందు నాతో చిక్‌పేటకు రా. పోయిన శ్రావణంలో మా ఆవిడ పట్టుచీర బీరువా తలుపు మేకుకు తగులుకుని రెండంగుళాలు చిరిగింది, రఫ్ఫు చేయించడానికి తీసుకెళ్లాం. మెట్ల కింద ఒక స్టూలు పట్టేంత చోటులో కూర్చున్న పెద్దాయన చీరను ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుని, వేళ్లతో తడుముతూ తెగిన దారాల కొసలు వెతికాడు. కొసలన్నీ దొరికాక చీర లోపలి అంచు కాస్త విప్పి, అందులోంచే ఒక పోగు లాగి, సూదికెక్కించి, ఒక్కో దారం కిందా పైనా దాటిస్తూ అల్లడం మొదలుపెట్టాడు. బయటి దారం ఎందుకు వేయరని అడిగితే "తెలిసిపోతుంది సామీ" అన్నాడు. మా ఆవిడ సగం ధర తగ్గించమని బేరమాడింది, ఆయన తల కూడా ఎత్తలేదు.

కణంలో జరిగేది దాదాపు ఇదే. ఒక్కో కణంలో డీఎన్ఏకి రోజుకు వేలల్లో దెబ్బలు తగులుతాయి, ఎండ వల్ల, పొగ వల్ల, ఏమీ లేకపోయినా ఒంట్లో ఉన్న నీళ్ల వల్ల, ఆక్సిజన్ వల్ల కూడా. వాటిని ఎవరు ఎలా సరిచేస్తున్నారో విప్పి చెప్పినందుకే 2015లో లిండాల్, మోడ్రిచ్, సాంకార్ ముగ్గురికీ కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. దెబ్బల్లో అన్నిటికన్నా ప్రమాదమైనది డీఎన్ఏ రెండు పోగులూ ఒకేచోట తెగిపోవడం. అప్పుడు ఎంఆర్ఎన్ అనే మూడు ప్రోటీన్ల జట్టు ఆ తెగిన కొసలను పట్టుకుంటుంది, ఏటీఎం (బ్యాంకుది కాదు, ఇదొక ఎంజైమ్) కేక వేసి మిగతా పనివాళ్లను పిలుస్తుంది, కణం విభజన ఆపేసి కూర్చుంటుంది. ఆ తర్వాత ముఖ్యంగా రెండు దారులు. పక్కనే అదే డీఎన్ఏకి ఇంకో కాపీ ఉంటే దాన్ని చూసి తప్పు లేకుండా అల్లడం, ఇది చీర అంచులోంచి పోగు తీయడం లాంటిది. లేదంటే టైం లేదని రెండు కొసలూ తెచ్చి ముడేసేయడం.

ఇప్పుడు అడినోవైరస్ సంగతి చూడు. కళ్లకలకలు, జలుబులు తెచ్చే రకం. దాని డీఎన్ఏ సుమారు 36,000 అక్షరాల (ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రకాల ముక్కలు, వాటితోనే డీఎన్ఏ కడతారు) పొడవున్న సరళరేఖ, అంటే దానికి రెండు కొసలున్నాయి. అది మన కణం న్యూక్లియస్‌లోకి రాగానే మన రఫ్ఫు పనివాళ్లకు ఏం కనిపిస్తుంది? వైరస్ కనిపించదు, తెగిపోయి వేలాడుతున్న కొసలు కనిపిస్తాయి. వాళ్లకు తెలిసిన పని ఒకటే, ముడేయడం. ఒక వైరస్ డీఎన్ఏ తోకకు ఇంకో వైరస్ డీఎన్ఏ తల, దాని తోకకు మరొకటి, ఇలా పూలదండలా గుచ్చేస్తారు. ఆ దండ వైరస్ పెంకులో పట్టదు, పట్టనిదాన్ని బయటికి పంపడం కుదరదు. వైరస్ పని అక్కడితో సరి.

అందుకని అడినోవైరస్ కణంలో అడుగుపెట్టిన కొద్ది గంటల్లోనే ఈ1బి-55కె, ఈ4-ఓఆర్ఎఫ్6 అనే రెండు ప్రోటీన్లను తయారు చేయించుకుంటుంది. అవి రెండూ కలిసి ఎంఆర్ఎన్ జట్టు మీద "ఇది చెత్త" అని చీటీ అంటిస్తాయి. చీటీ అంటిన ప్రోటీన్‌ను ముక్కలు చేసే యంత్రం కణంలో ముందే ఉంది, అది మనదే, దాని పని అది చేసుకుపోతుంది. కొసలు ముడేసే లైగేజ్ 4 అనే ఎంజైమ్‌కీ అదే గతి పట్టిస్తుంది. 2002లో అమెరికాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇది బయటపెట్టారు: ఈ4-ఓఆర్ఎఫ్6 ఉండే ఈ4 భాగం తీసేసిన వైరస్‌ను కణాల్లోకి వదిలితే దండలు గుచ్చుకుపోతున్నాయి, మామూలు వైరస్‌ను వదిలితే ఎంఆర్ఎన్ మాయమవుతోంది. అంటే నీ ప్రశ్నకు జవాబు ఇది. వైరస్‌కి మన డీఎన్ఏ మీద పగేమీ లేదు, తన కొసలు కాపాడుకోవాలి. మన డీఎన్ఏకి రిపేర్ దొరక్కపోవడం ఆ తొక్కిసలాటలో జరిగిన నష్టం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పెదవి పక్కన పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌లో ఐసీపీ0 అని ఒక ప్రోటీన్ ఉంది, అదీ ఇదే చీటీ టెక్నిక్‌తో ఆర్ఎన్ఎఫ్8, ఆర్ఎన్ఎఫ్168 అనే ఇద్దరిని లేపేస్తుంది, తెగినచోటికి మిగతావాళ్లకు దారి చూపించేది ఆ ఇద్దరే. హెచ్ఐవీ ఇంకా గడుసుది. దాని వీపీఆర్ ప్రోటీన్ యూఎన్‌జీ2 లాంటి కొందరు రిపేర్ పనివాళ్లను చెత్తబుట్టకు పంపుతుంది, కణం విభజనను కూడా ఆపిస్తుంది. కానీ తన డీఎన్ఏని మన క్రోమోజోమ్‌లో దూర్చాక అటూ ఇటూ మిగిలిన చిన్న సందులను పూడ్చుకోవడానికి మాత్రం మన రిపేర్ వాళ్లే కావాలి దానికి. కొందరిని పనిలోంచి తీసేసి, మిగిలినవాళ్లతో తన ఇల్లు కట్టించుకునే రకం.

పరీక్షలో రాయడానికి కాదు గానీ ఒకటి చెబుతాను. నేను ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో తోకచుక్క పరీక్ష అని ఒకటి చేసేవాళ్లం. గ్లాసు స్లైడ్ మీద పల్చటి జెల్లీలో కణాలను పరిచి, వాటి పొరలు కరిగించి, కాసేపు కరెంటు పెడతాం. చీకటి గదిలో మైక్రోస్కోప్ కింద చూస్తే బాగున్న కణం గుండ్రంగా, నిండు చందమామలా ఉంటుంది. డీఎన్ఏ తెగిపోయిన కణం నుంచి ముక్కలు కరెంటు వెంట జారిపోయి వెనకాల పొడుగ్గా తోక కనిపిస్తుంది. కణాలకు రేడియేషన్ ఇచ్చిన వెంటనే చూస్తే స్లైడ్ నిండా తోకలే. అరగంట, గంట ఆగి ఇంకో స్లైడ్ చూస్తే తోకలు చాలావరకు లోపలికి వెళ్లిపోయి ఉంటాయి, మళ్లీ చందమామలు. రిపేర్ పనివాళ్లను అడ్డుకున్న కణాల్లో మాత్రం గంట తర్వాత కూడా ఆ తోకలు అలాగే ఉంటాయి. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా రాని నమ్మకం నాకు ఆ ఒక్క స్లైడ్‌తో వచ్చింది. మీ కాలేజీలో ఆ సదుపాయం ఉంటే ఒక్కసారి చూపించమని అడుగు.

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్ సోకకుండా పిల్లల డాక్టర్ హెచ్‌పీవీ టీకా వేయించమన్నారు. అదే వారం మా గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది, "కోవిడ్ టీకాలోని స్పైక్ ప్రోటీన్ డీఎన్ఏ రిపేర్‌ను ఆపేస్తుందని స్వీడన్ శాస్త్రవేత్తలు నిరూపించారు" అని. ఒక టీకా అలా చేస్తే ఇంకోటి చేయదా అని మా అత్తగారు. నాకు టెన్షన్ పట్టుకుంది.
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: మీ అత్తగారు అడిగింది తప్పు కాదమ్మా, ఫార్వర్డ్ చేసినవాళ్లు సగమే చెప్పారు. 2021 అక్టోబరులో "వైరసెస్" అనే పత్రికలో అలాంటి పేపర్ ఒకటి వచ్చిన మాట నిజం. కానీ అది చేసింది మనుషుల మీద కాదు, టీకా మీదా కాదు. ల్యాబ్‌లో పెంచే కణాల్లోకి స్పైక్ జీన్‌ను విడిగా ఎక్కించి, ఆ ప్రోటీన్‌ను బోలెడంత తయారు చేయించి చూశారు. వాడిన పద్ధతి మీద, దాన్నుంచి లాగిన అర్థాల మీద అభ్యంతరాలు వచ్చాక 2022లో ఆ పేపర్‌ను పత్రిక వెనక్కు తీసుకుంది. ఆ రెండో సంగతి ఫార్వర్డ్‌లో ఉండదు, ఎప్పుడూ ఉండదు. 2023లో ఇటలీ శాస్త్రవేత్తలు వేరే పని చేశారు, కణాలకు అసలు కరోనా వైరస్‌నే సోకించి చూశారు. అప్పుడు వైరస్‌కి చెందిన వేరే ప్రోటీన్లు సీహెచ్‌కే1 అనే కాపలా ఎంజైమ్‌ను తగ్గించేస్తున్నాయనీ, డీఎన్ఏ కట్టడానికి కావాల్సిన ఇటుకలు కరువై కణంలో చిరుగులు పెరుగుతున్నాయనీ తేలింది. అంటే ఆ భయమేదో జబ్బు గురించి పడాల్సింది, టీకా గురించి కాదు.

ఇంకో తమాషా చెప్పనా. మనలో చాలామంది వేయించుకున్న కోవిషీల్డ్ చింపాంజీ అడినోవైరస్‌తో చేసింది. పై జవాబులో చీటీలు అంటించే జంట చెప్పాను కదా, అందులో ఒకటైన ఈ1బి ఉండే ఈ1 భాగాన్ని ఆ టీకాలో ముందే కత్తిరించి తీసేశారు. ఆ జంటలో ఒకటి లేనే లేదు.

ఇక మీ పాప టీకా. హెచ్‌పీవీ చాలా చిన్న వైరస్, డీఎన్ఏ మొత్తం సుమారు 8,000 అక్షరాలు. కాపీలు చేసుకునే యంత్రం దానికి సొంతంగా లేదు, అందుకని మన చర్మపు పై పొరల్లో, విభజన ఆపేసి రాలిపోవడానికి సిద్ధంగా ఉన్న కణాల్లో, రిపేర్ పనివాళ్లను పిలిచే ఏటీఎం అలారాన్ని తనే మోగించి, వచ్చినవాళ్ల చేత తన డీఎన్ఏ కాపీలు తీయించుకుంటుంది. అలారం మోగితే కణం మామూలుగా ఆగిపోవాలి, మరీ పాడైతే చచ్చిపోవాలి. ఆ నిర్ణయం తీసుకునేది పీ53 అనే మన ప్రోటీన్. వైరస్ ఈ6 అనే ప్రోటీన్‌తో పీ53ని చెత్తబుట్టకు పంపేస్తుంది, ఈ7తో ఇంకో బ్రేకును ఊడదీస్తుంది. అలారం మోగుతూనే ఉంటుంది, వినేవాడు ఉండడు, కణం చిరుగులతోనే విభజన అవుతూ పోతుంది. (పీ53ని 1979లో మొదటిసారి పట్టుకున్నదే ఎస్వీ40 అనే ఒక కోతి వైరస్ ప్రోటీన్‌కు అతుక్కుని ఉండగా. దొంగ చేతిలో దొరికాకే అది విలువైన వస్తువని మనకు తెలిసింది.)

భయపెట్టడానికి చెప్పడం లేదు. హెచ్‌పీవీ సోకినవాళ్లలో నూటికి తొంభై మందికి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. పోనివాళ్లలోనే సమస్య, అదీ క్యాన్సర్ దాకా రావడానికి సాధారణంగా 15, 20 ఏళ్లు పడుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 అనే రెండు రకాలే కారణం. ఈ వైరస్ పట్టు ఎంత గట్టిదంటే, 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె కణితి నుంచి తీసిన కణాలు ఇవాళ్టికీ ప్రపంచమంతా ల్యాబ్‌లలో పెరుగుతున్నాయి, వాటిలో ఉన్నది 18వ రకం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కణాల్లో ఈ6, ఈ7లను ఆపేస్తే అవి పెరగడం మానేస్తాయి.

మరి టీకాలో ఏముంది? ఈ6 లేదు, ఈ7 లేదు, అసలు వైరస్ డీఎన్ఏ లేదు. ఈస్ట్‌లో తయారుచేసిన వైరస్ పైపెంకు ప్రోటీన్ మాత్రమే, ఎల్1 అంటారు. వైరస్‌లా కనిపించే ఖాళీ డబ్బా. పీ53 జోలికి వెళ్లేదేదీ అందులో లేదు. 2023 నుంచి మన దేశంలోనే తయారైన సర్వావాక్ కూడా దొరుకుతోంది. 9 నుంచి 14 ఏళ్ల వాళ్లకు మామూలుగా రెండు డోసులు, 15 నిండితే మూడు. పదకొండేళ్లంటే సరైన వయసు, వేయించండి. చేయి కాస్త నొస్తుంది, ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి, అందుకని వేశాక పావుగంట అక్కడే కూర్చోబెడతారు, స్కూలు బస్సు టైం అవుతోందని లేపేసుకుని రాకండి. ఇంకో మాట, మీ వయసు రాయలేదు. 30 దాటి ఉంటే మీరూ ఒకసారి హెచ్‌పీవీ పరీక్షో, పాప్ స్మియరో (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) చేయించుకోండి. పిల్లల టీకా గురించి నాలుగు పేజీలు రాసే తల్లులు తమ పరీక్ష గురించి ఒక్క లైను కూడా రాయరు.

ప్రశ్న: కొత్త ఉద్యోగానికి మెడికల్ చేయిస్తే హెపటైటిస్ బి పాజిటివ్ అని వచ్చింది. డాక్టర్ మాత్రలు రాసి, జీవితాంతం వాడాల్సి రావచ్చన్నారు. ఇన్ని మందులు వచ్చాయి, ఒక్క వైరస్‌ను పూర్తిగా తీయలేరా? ఊళ్లో మా బాబాయి పసరు పోయిస్తానంటున్నాడు.
– వైట్‌ఫీల్డ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తీయలేకపోవడానికి కారణం వింటే మీకు నవ్వు, ఏడుపు రెండూ వస్తాయి. ఈ వైరస్ డీఎన్ఏ 3,200 అక్షరాలే, అది కూడా సగం కుట్టి వదిలేసిన గుడ్డలా ఒక పోగు పూర్తి కాకుండానే కణంలోకి వస్తుంది. మన లివర్ కణంలోని రిపేర్ పనివాళ్లు దాన్ని చూసి, పాపం చిరిగిపోయింది అనుకుని, శ్రద్ధగా సందులు పూడ్చి, కొసలు కలిపి చక్కటి గుండ్రటి ఉంగరంలా చేసి పెడతారు. ఇంకేముంది, ఆ ఉంగరం న్యూక్లియస్‌లో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మాత్రలు కొత్త కాపీలు తయారవకుండా ఆపుతాయి, లివర్‌ను కాపాడతాయి, ఉంగరాన్ని మాత్రం కదిలించలేవు.

ఆ ఉంగరం నోరు మూయించడానికి కణంలో ఎస్ఎంసీ5/6 అనే ఇంకో రిపేర్ జట్టు ఉంది. వైరస్ దాన్నీ వదల్లేదు. హెచ్‌బీఎక్స్ అనే ప్రోటీన్‌తో దానికీ చీటీ అంటించేస్తుంది, 2016లో తేలిన సంగతి ఇది. ఆ చీటీ అంటించడానికి అది వాడుకునేది డీడీబీ1 అనే మన ప్రోటీన్‌నే, దెబ్బతిన్న డీఎన్ఏని పట్టుకునే జట్టులో మనిషిగానే దానికి ఆ పేరు వచ్చింది.

పసరు సంగతి. మీ బాబాయి చెప్పేది బహుశా నేల ఉసిరి. దాన్ని కొట్టిపారేయకుండా పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు, అదీ మన పక్కన చెన్నైలోనే. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఆ పనిలో ఉన్నారు. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చైంది, ఫలితం చూసి అందరూ ఆశపడ్డారు. తర్వాత వేరేచోట్ల చేసి చూస్తే ఆ ఫలితం మళ్లీ రాలేదు. కామెర్లు చాలాసార్లు వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. మీది దీర్ఘకాలికమైతే అలా తగ్గేది కాదు. బాబాయికి దండం పెట్టి, మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి, ఆపితే ఒక్కోసారి వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ దెబ్బతింటుంది. మీ ఆవిడకు, పిల్లలకు పరీక్ష చేయించండి, లేనివాళ్లకు టీకా వేయించండి. కలిసి తింటే రాదు, కౌగిలించుకుంటే రాదు, కాబట్టి ఇంట్లో మీ కంచం, గ్లాసు వేరు పెట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంతలో డీఎన్ఏ రిపేర్ క్యాప్సూల్స్ అని అమ్ముతున్నారు. కొనవచ్చా?
– బీటీఎం లేఅవుట్

జవాబు: వద్దు. ఆ డబ్బుతో పక్క స్టాల్‌లో జామకాయలు కొనుక్కోండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. వైరస్‌కి మెదడు లేదు కదా అంకుల్, మరి రిపేర్ వాళ్లని ఆపాలని దానికి ఎవరు నేర్పించారు?
– కె.ఆర్.పురం

జవాబు: ఎవరూ నేర్పలేదు బాబూ. వైరస్‌లు కోట్లలో పుడతాయి, కాపీ తీసేటప్పుడు తప్పులు పడుతుంటాయి. రిపేర్‌కు చిక్కినవి అక్కడే ఆగిపోయాయి, ఏదో ఒక తప్పు వల్ల చిక్కనివి పిల్లల్ని కన్నాయి. ఆ పిల్లలే మనకు కనిపిస్తున్నవి, చిక్కినవాటిని మనం చూడలేం కాబట్టి అన్నీ తెలివైనవే అనిపిస్తుంది.

ఇది మనుషుల వైరస్‌లకే కాదు, బ్యాక్టీరియాను పట్టే వైరస్‌లకూ ఉంది. పీబీఎస్2 అని ఒకటుంది, దాని డీఎన్ఏలో టీ అక్షరం ఉండాల్సిన చోట యూ ఉంటుంది. మామూలుగా డీఎన్ఏలో యూ కనపడితే అది తప్పు, బ్యాక్టీరియాలో దాన్ని కోసి పారేసే ఎంజైమ్ ఉంటుంది. అలా కోస్తూ పోతే ఈ వైరస్ డీఎన్ఏ అంతా జల్లెడ అయిపోవాలి. అందుకని అది లోపలికి రాగానే యూజీఐ అనే చిన్న ప్రోటీన్ చేయించి, ఆ కోసే ఎంజైమ్ నోట్లో బిరడాలా కుక్కేస్తుంది. 2016లో అమెరికాలో జీన్‌లో ఒక్క అక్షరాన్ని మార్చే పనిముట్టు తయారుచేసినప్పుడు ఇదే చిక్కు వచ్చింది, వాళ్లు సీని యూగా మారిస్తే కణం వెంటనే దాన్ని తీసి మళ్లీ సీ పెట్టేస్తోంది. ఏం చేశారో తెలుసా? ఈ బ్యాక్టీరియా వైరస్ బిరడానే తీసుకొచ్చి తమ పనిముట్టుకు అతికించుకున్నారు.